పలచటి నేత

తంగళ్ళపల్లిలో ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు, ఇసుక, ఇటుక... దేనికైనా నలుగురిని అడిగాను. టీవీ వైరు దగ్గరికొచ్చేసరికి మాత్రం చవగ్గా దొరికింది కొనేశాను. గోడలోకి పోయేదే కదా అనుకున్నాను. పైపు కూడా వేయించలేదు.

గృహప్రవేశమైన వారానికే గొడవ మొదలైంది. సరిగ్గా అమ్మ సీరియల్ వేళకు బొమ్మ గళ్ల లుంగీలా ముక్కలయ్యేది. మెకానిక్ డాబా మీది డిష్ నుంచి కిటికీలోంచి వేరే వైరు లాగాడు. బొమ్మ నిలిచింది! రెండు వైర్ల ముక్కలూ చీల్చి బాపు చేతిలో పెట్టాడు. బాపు నలభై ఏళ్లు సాంచాలు నడిపిన మనిషి.

"గిదేం నేత బిడ్డా? జాలి లెక్కున్నది" అన్నాడు నా వైరు చూసి.

కోయాక్సియల్ కేబుల్లో నడుమ తీగ, చుట్టూ తెల్లటి ప్లాస్టిక్, ఆపైన పల్చటి రేకు, దానిమీద సన్నతీగల అల్లిక ఉంటాయి. బయటి రొదను ఆపేది ఆ రేకూ, అల్లికే. నేను కొన్నది సన్నపాటి ఆర్‌జీ-59. డిష్ నుంచి వచ్చే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. అది దారిలో నీరసించకుండా రావాలంటే ఆర్‌జీ-6 మేలు. రెండూ 75 ఓమ్‌ల రకాలే అయినా తేడా అక్కడే. డిష్‌కు కరెంటు వెళ్లేదీ ఆ తీగలోంచే. దూరం ఎక్కువైతే నడుమ తీగ పూత కాకుండా అసలు రాగిదే ఉండాలి.

చివరికి గోడ పగలగొట్టి, పైపు వేసి, కొత్త వైరు లాగించాం. ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది.

"బట్టకు మాసికేస్తే దాగుతది గని, గోడకేస్తే దాగుతదా?" అని నవ్వుతాడు బాపు.