నుక్సాన్ ఎవరిది?

అబ్బా ఈసారి సౌదీ నుంచి ఒక్క సూట్‌కేసుతో వచ్చారు. మళ్లీ వెళ్లేది లేదన్నారు. పంతొమ్మిదేళ్ల మెహనత్‌లో ఇద్దరు అక్కల నికాహ్‌లు, మూడు గదుల ఇల్లు, దాదీ ఆపరేషన్ పోగా మిగిలింది మూడు లక్షల రూపాయలు. ఆ పాస్‌బుక్కు నా చేతిలో పెట్టి, "అబ్ తూ సోచ్ బేటా" అన్నారు. ఇక నువ్వే ఆలోచించు అని. ఇరవై ఐదేళ్లుగా ఈ ఇంట్లో నన్నెవరూ ఏదీ ఆలోచించమనలేదు. ఆ రాత్రి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

మాది కోరుట్ల. జగిత్యాలలో ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాను. పొద్దున బస్సెక్కితే ఇషా వేళకు ఇల్లు చేరతాను. పక్కన దూరవిద్యలో ఎం.ఏ. అర్థశాస్త్రం. ఏ దావత్‌కి పోయినా పెద్దవాళ్లు బిర్యానీ వడ్డిస్తూనే "ఔర్ బేటా, ఆగే క్యా?" అంటారు. ఆ 'ఆగే'కి నా దగ్గర మూడు జవాబులున్నాయి. ఒకటి, చచ్చా ఇప్పిస్తానంటున్న దుబాయ్ వీసా. రెండు, ఈ మూడు లక్షలకు బ్యాంకు ఖర్జ్ కలిపి కోరుట్లలో మొబైల్ దుకాణం. మూడు, సిరిసిల్లలో మా ఖాలూ సాంచెలు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు.

దుబాయ్ సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. మన జిల్లాల్లో ఏజెంటు, కఫీల్, ఇఖామా, క్యాంపు అనే మాటలు పసిపిల్లలకు కూడా తెలుసు. 2013లో సౌదీలో నితాఖత్ గట్టిగా అమలు చేసినప్పుడు అబ్బా పని పోయింది. ఎనిమిది నెలలు ఇంటికి ఒక్క రియాల్ రాలేదు. ఏజెంటు కోసం తెచ్చిన అప్పు మీద సూద్ మాత్రం నెల తప్పకుండా నడిచింది. అమ్మీ గాజులు అప్పుడే పోయాయి. అయితే ఇన్సాఫ్‌గా చెప్పాలంటే మా ఇంటి స్లాబు, అక్కల జహేజ్, నా చదువు అన్నీ ఆ ఎడారి నుంచి వచ్చినవే. దాన్ని తిట్టే హక్కు అబ్బాకు ఉందేమో, నాకు లేదు.

జగిత్యాల టవర్ దగ్గర ఒక చాయ్ హోటల్లో నాకో దోస్తీ ఉంది. రిటైరైన సారు, నాకన్నా నలభై ఏళ్లు పెద్ద. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగిన రోజు ఆయన ఆ జనంలో ఉన్నారట. వెట్టి చేయమని, బంజరు భూములు ఇవ్వమని, కూలి పెంచమని పల్లెలన్నీ కదిలి వచ్చిన కాలం. మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. సారు ఇప్పటికీ ఏ విషయమైనా ఒక్క ప్రశ్నతోనే మొదలుపెడతారు. "ఎవని ఆస్తి, ఎవని చెమట, గది సూడు బిడ్డా ముందు."

నా ఎం.ఏ. పుస్తకాల్లో పెట్టుబడిదారీ వ్యవస్థ, సామ్యవాద వ్యవస్థ, మిశ్రమ ఆర్థిక వ్యవస్థ పక్కపక్కన గడులు గీసి ఉంటాయి. గుణాలు ఇటు, దోషాలు అటు. పరీక్షకు అది చాలు. పాస్‌బుక్కు చేతిలోకి వచ్చాక ఆ గడుల్లో నా సవాల్ కనబడలేదు. సారు అడిగే 'ఎవని ఆస్తి' కూడా నా రాత్రులకు సరిపోలేదు. నాకు తెలియాల్సింది వేరు: వ్యాపారం మునిగితే నుక్సాన్ ఎవరి తల మీద పడుతుంది?

ఆ సవాల్ నాకు సిరిసిల్లలో దొరికింది. రంజాన్ అయ్యాక ఒక ఇత్వారం వేములవాడ మీదుగా ఖాలా వాళ్లింటికి వెళ్లాను. ఖాలూకు నాలుగు సాంచెలున్నాయి. ఆయన్ను ఆసామి అంటారు. పేరు పెద్దదే కానీ బతుకు చిన్నది. పైన సేటు ఉంటాడు, నూలు ఇస్తాడు, గుడ్డ తీసుకుంటాడు, మీటరుకు ఇంత అని కూలి కడతాడు. కింద కార్మికుడు ఉంటాడు, సాంచె నడుపుతాడు. మధ్యలో ఆసామి. కరెంటు బిల్లు ఆయనది, షెడ్డు కిరాయి ఆయనది, సాంచె చెడితే మరమ్మతు ఆయనది. పని ఉన్నప్పుడు షెడ్డులో మనిషి మాట మనిషికి వినబడదు. నేను వెళ్లిన రోజు నాలుగింట్లో ఒకటే ఆడుతోంది. ఖాలూ మామూలు గొంతుతో మాట్లాడుతుంటే నాకు భయమేసింది.

2017 నుంచి రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరలు సిరిసిల్లలో నేయించింది. ఏటా కోటి దాకా చీరలు. బతుకమ్మ చీరలు నేసిన చేతుల్లో మన ముసల్మాన్ చేతులూ ఉన్నాయి. ఒక్క ఖరీదుదారు, పెద్ద ఆర్డరు, చేతినిండా రోజ్‌గార్. 2000 సంవత్సరానికి అటూ ఇటూ ఆ ఊరు నేతన్నల ఆత్మహత్యలతో పత్రికల్లోకి ఎక్కేది. అలాంటి ఊరికి ఆ ఆర్డరు నిజంగానే ఊపిరి. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది, మరుసటి ఏడు బతుకమ్మ చీరల ఆర్డరు రాలేదు. ఆ తర్వాత మహిళా సంఘాల చీరల పేరుతో మళ్లీ పని వచ్చింది. కానీ మధ్యలో ఆగిన నెలలు ఎవరి ఖాతాలో రాసుకోవాలి? సర్కారు కొంటే బజారు దయ మీద బతకనక్కర్లేదు, నిజమే. సర్కారు ఒక్కటే కొంటే మాత్రం దాని మనసు మారిన రోజు ఊరంతా ఒకేసారి ఆగిపోతుంది. ఈ మాట సారుతో అంటే ఆయన చాయ్ పూర్తిగా తాగేదాకా ఏమీ అనలేదు.

ఖాలూ చెప్పింది ఇదీ. సేటు నూలు కాకుండా సొంత నూలు కొని, సొంతంగా గుడ్డ అమ్ముకుంటే నాలుగు పైసలు మిగులుతాయి. దానికి రెండు లక్షలు కావాలి. "ఖర్జ్ వద్దు బేటా, షరాకత్ చేద్దాం. మీ పైసా, నా మెహనత్." ఒక చిక్కు కూడా ఆయనే చెప్పారు. పాలిస్టర్ నూలు పుట్టేది ముడి చమురులోంచి. చమురు ధర ఎగిరితే నూలు ధర ఎగురుతుంది, ఈలోపు గుడ్డ ధర పడిపోవచ్చు. నాకు నవ్వొచ్చింది. అబ్బాను పంతొమ్మిదేళ్లు పోషించిన చమురే ఇక్కడ ఖాలూ గొంతు మీద కూర్చుంది.

ఇంటికొచ్చి చాలా చదివాను. మన దక్కన్‌లోనే ఈ విషయం మీద ఎంత పని జరిగిందో అప్పటిదాకా నాకు తెలియదు. 1918లో మొదలైన ఉస్మానియాలో చదువు ఉర్దూలో సాగేది. అక్కడ 1940ల్లో అన్వర్ ఇక్బాల్ ఖురేషీ సూద్ సిద్ధాంతం మీద పుస్తకం రాశారు. మౌలానా మనాజిర్ అహసన్ గీలానీ ఇస్లామీ మఆషియాత్ మీద రాశారు. తర్వాత పారిస్‌లో స్థిరపడిన డాక్టర్ హమీదుల్లా మన హైదరాబాద్‌లో సూద్ లేకుండా ఖర్జ్ ఇచ్చిన అంజుమన్ల గురించి రాశారు. చిన్న చిన్న చందాలతో నడిచిన సంఘాలవి. ఇటీవలి సంగతి చెప్పాలంటే, 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సూద్ లేని బ్యాంకింగ్‌కు దారి చూడాలని సిఫారసు చేసింది. 2017లో ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోవడం లేదని రిజర్వ్ బ్యాంక్ చెప్పేసింది. అంటే నాలాంటివాడికి దగ్గర్లో మిగిలింది మనిషికీ మనిషికీ మధ్య ఒక కాగితం.

ఫిఖ్‌హ్‌లో ముజారబత్ అనే పద్ధతి ఉంది. ఒకరిది పైసా, ఒకరిది పని. మునాఫా వస్తే ముందే అనుకున్న వంతు ప్రకారం పంచుకోవాలి. సగం సగమో, మూడింట రెండో, ఏదైనా సరే. నెలకు ఇంత అని స్థిరంగా పెట్టుకోకూడదు. నుక్సాన్ వస్తే పైసా పోయేది పైసా పెట్టినవాడిదే. పని చేసినవాడికి తన మెహనత్ పోతుంది, అతని లాపర్వాహీ లేనంత వరకు అసలు తిరిగి కట్టమని అడగడానికి లేదు. ఎం.ఏ.లో ఫ్రాంక్ నైట్ అనే అమెరికన్ పండితుడి గురించి ఒక పాఠం ఉంది. 1921లో ఆయనో భేదం చూపించాడు. లెక్కకు అందే ముప్పు వేరు, ఏ లెక్కకూ అందని అనిశ్చితి వేరు, లాభం అనేది ఆ రెండోదాన్ని మోసినందుకు దక్కేది అని. మన ఫుఖహా దీన్నే ఎన్నో వందల ఏళ్ల ముందు ఇంకో వైపు నుంచి చెప్పారు: నఫా మీద హక్కు కావాలంటే నుక్సాన్‌కు భుజం ఇవ్వాలి. ఆ రెండూ ఒకచోట కలిసిన రాత్రి నాకు చాలా ఖుషీ అయింది. పెద్ద సంగతి దొరికిందనుకున్నాను.

తెల్లారి కూర్చుని ఖాలూ కోసం కాగితం రాశాను. మొదటి వరుసలో బిస్మిల్లా. తర్వాత షరాకత్‌నామా. రెండు లక్షలు మావి, నెలకు నాలుగు వేలు మాకు, రెండేళ్ల తర్వాత అసలు మొత్తం వాపస్. గర్వంగా అమ్మీకి చదివి వినిపించాను.

అమ్మీ ముందు చాట, చాటలో తంబాకు, తడిపిన తునికాకు, దారం. ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. కత్తెర ఆపకుండానే అడిగింది, "నుక్సాన్ హుఆ తో?"

"ఖాలూ చూసుకుంటారు."

"నాలుగు వేలు?"

"అవి వస్తాయి."

అప్పుడు కత్తెర ఆపింది. "ఐసా బోలే తో తూ హమారా టేకేదార్ హై." అలాగైతే నువ్వు మా టేకేదారువే అని.

ఈ మాట బీడీ ఇళ్లవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. మిగతావాళ్ల కోసం చెబుతాను. కార్ఖానా నుంచి ఆకూ తంబాకూ తూకం వేసి ఇస్తారు, దానికి ఇన్ని బీడీలు రావాలని లెక్క. ఆకులో చిల్లులున్నా, ఎండినా, లెక్క మాత్రం మారదు. తక్కువ పడితే సొంత పైసలతో ఆకు కొని చుట్టాలి. చుట్టినవి తీసుకుపోతే బాగాలేవని కొన్ని పక్కన తీసేస్తారు, వాటికి కూలి ఉండదు. వాన పడి ఆకు పాడైనా, కన్ను మసకబారి బీడీ వంకర పోయినా నుక్సాన్ చుట్టిన చెయ్యిదే. వెయ్యికి ఇంత కూలి అని పైన అనుకున్న రేటు మాత్రం చక్కగా ఉంటుంది. నేను రాసింది అచ్చం అదే. నూలు ధర పెరిగినా, సాంచె ఆగినా, సర్కారు మారినా మా నాలుగు వేలు కదలవు. పైన బిస్మిల్లా, కింద సూద్.

నన్ను నేను సమర్థించుకోవడానికి ఆ రోజంతా చూశాను. అది లాలచ్ కాదు, ఖౌఫ్. అబ్బా ఎండలో కరిగి తెచ్చిన పైసా. అది పోతే ఆయనకు మళ్లీ పంతొమ్మిదేళ్లు ఎవరిస్తారు? ఉన్నవాడు నుక్సాన్ భరించాలని చెప్పడం సులువే, మాది ఉన్న ఇల్లు కాదు కదా? ఈ వాదనలో బలముందని ఇప్పటికీ అనుకుంటాను. అయితే బ్యాంకు మేనేజరు మాటా ఇదే, గిరిగిరి వడ్డీవాడి మాటా ఇదే. మాది పబ్లిక్ సొమ్ము, మాదీ కష్టార్జితమే, పోతే ఎలా? అందరి ఖౌఫ్ నిజమే. అయితే ఆ ఖౌఫ్ అంతా జారి జారి ఎక్కడ ఆగుతుంది? సాంచె ముందు నిలబడ్డవాడి దగ్గర, చాట ముందు కూర్చున్నామె దగ్గర, క్యాంపులో మంచం కింద పెట్టె పెట్టుకున్నవాడి దగ్గర. పేర్లు వేరైన వ్యవస్థలన్నీ ఈ ఒక్క విషయంలో భలే కలిసిపోతాయి.

మా ఇంట్లో ఏ ఒక్క నిజామ్ నడవదన్నది కూడా ఆ రోజే గమనించాను. మా పక్కింటి ఆపాకు వచ్చే బీడీ కార్మికుల పింఛను సర్కారుది. అబ్బా జీతం ప్రపంచ బజారుది. పోయిన ఏడాది మా ఫుప్పూ కొడుకు ఆసుపత్రిలో ఉంటే అమ్మీ తన చెవి రింగులు కుదువ పెట్టమని ఇచ్చేసింది, ఇప్పటికీ వాపస్ అడగలేదు. అది ఖర్జె హసనా. ఆమె ఏ పుస్తకమూ చదవలేదు. నాకున్న తవక్కుల్ నోటి మీదే, ఆమెది చేతుల్లో ఉంది.

రెండో కాగితం రాయడానికి పది రోజులు పట్టింది. మొహల్లా మౌల్వీ సాబ్‌కు చూపించాను. సాంచెల కిరాయి, కరెంటు ఖర్చు ముందు తీసేసి మిగిలింది మునాఫా అనాలా, కాదా అని ఆయనా నేనూ అసర్ నుంచి మగ్రిబ్ దాకా మాట్లాడుకున్నాం. రెండు లక్షలు కాదు, ఒక లక్ష. మునాఫాలో మాకు నలభై వంతులు, ఖాలూకు అరవై. నుక్సాన్ వస్తే లక్షలో పోయింది మాది. ఖాలూ ప్రతి వారం లెక్క రాయాలి. ఇప్పటిదాకా ఆయన లెక్కలన్నీ క్యాలెండరు వెనక రాసి, ఏడాది మారగానే గోడ మీంచి తీసేసేవారు. ఒక లాంగ్ బుక్కు నేనే కొన్నాను.

మిగతా రెండు లక్షలకు ఇంకా జవాబు లేదు. చచ్చా రోజు మార్చి రోజు ఫోన్ చేస్తున్నారు, ఏజెంటు ఈ నెలాఖరు వరకే అంటున్నాడని. మూడు సార్లు ఇస్తిఖారా చేశాను. కలలేమీ రాలేదు.

నిన్న ఇషా తర్వాత ఆ కాగితం అబ్బా ముందు పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం విన్నారు. నుక్సాన్ అన్న వరుస దగ్గర చెయ్యెత్తారు.

"యే ఫిర్ పఢ్."

మళ్లీ చదివాను. అమ్మీ చాట పక్కకు జరిపింది. అబ్బా కాసేపు స్లాబు వైపు చూశారు, తర్వాత జేబులో పెన్ను కోసం వెతుక్కున్నారు. పెన్ను లేదు. నా దగ్గరిది ఇచ్చాను.