చెంప మీది గీత

వయసు మళ్ళిన ముఖాన్ని కాస్త తీరికగా పరికిస్తే దాని మీద రెండు రకాల రాతలు కనబడతాయి. మెలకువలో పడినవి కొన్ని, నిద్రలో పడినవి కొన్ని. నవ్వినప్పుడు కనుకొలకుల వద్ద విసనకర్రలా విచ్చుకునేవీ, ఆశ్చర్యపడినప్పుడు నుదుటి మీద అడ్డంగా తేలేవీ మొదటి రకానివి. వాటి కింద కండరం ఉంటుంది. అది ముడుచుకున్న ప్రతిసారీ పైనున్న చర్మం దానికి అడ్డంగా మడత పడుతుంది.

రెండవ రకానికి కండరంతో నిమిత్తం లేదు. చెంపను దిండుకు ఆనించి గంటల తరబడి పడుకుంటే తల బరువు చర్మాన్ని నొక్కుతుంది, లాగుతుంది, పక్కకు జరుపుతుంది. చర్మం లోపలి కణజాలాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నచోట ఆ జరగడం ఆగి, మడత లేస్తుంది. అందుకే ఈ గీతలు నుదుటి మీద ఏటవాలుగాను, చెంప మీద నిలువుగాను, నవ్వుగీతల దారిని లక్ష్యపెట్టకుండా సాగిపోతాయి. 2016లో గోసెల్ యాన్సన్, మైకేల్ కేన్, వాల్ లాంబ్రోస్ అనే ముగ్గురు అమెరికా వైద్యులు దీని మీద వివరమైన పత్రమొకటి ప్రకటించారు. కండరాన్ని సడలించే బొటాక్స్ సూది ఈ గీతల విషయంలో ఎందుకు అక్కరకు రాదో అందులో బోధపడుతుంది. తప్పు చేసినది కండరం కానప్పుడు దానిని శిక్షించి ప్రయోజనమేముంది?

ఇరవై యేళ్ళ వయసులో దిండు అచ్చు ముఖం కడుక్కునేలోగా మాయమవుతుంది. కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే తంతువులు చర్మాన్ని మళ్ళీ యథాస్థానానికి లాగుతాయి. వయసుతో వాటి సత్తువ తగ్గుతుంది. అచ్చు మొదట కాఫీ వేళ దాకా, తరువాత మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. ఆపైన ఒకనాడు ఇక పోనే పోదు.

మా అమ్మ ఎడమ చెంప మీద అటువంటి గీత ఒకటుంది. కణత దగ్గర మొదలై దవడ దాకా దిగుతుంది. కుడి చెంప మీద దాని జాడ కూడా లేదు. ముఖంలో ఒక పక్కే ముడతలు పడడానికి ఎండ కూడా కారణం కావచ్చు. 2012లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో అచ్చయిన ఫొటో మీలో కొందరు చూసే ఉంటారు. ఇరవై ఎనిమిదేళ్ళు ట్రక్కు నడిపిన అరవై తొమ్మిదేళ్ళ మనిషి. కిటికీ అద్దం గుండా వచ్చిన అతినీలలోహిత కిరణాలకు అతని ఎడమ చెంప మాత్రం ముడతలు కట్టి వేలాడింది. (మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కనుక మనవాళ్ళకు కుడి చెంపే పోవాలి.) అయితే మా అమ్మ ఏనాడూ లారీ నడిపి ఎరుగదు. ఆ గీత దిండు పెట్టినదే.

నాన్నకు ఉబ్బసం. చలికాలం వచ్చిందంటే వెన్ను వాల్చలేక, మూడు దిళ్ళు పేర్చుకుని, వాటికి ఆనుకుని కూర్చునే రాత్రి గడిపేవారు. ఆయన మంచం అమ్మ మంచానికి ఎడమ పక్కన ఉండేది. ఆయన ఊపిరి తీరు మారితే వెంటనే తెలియాలని ఆవిడ అటే తిరిగి పడుకునేది. నాకు ఊహ తెలిసిన నాటినుంచీ అంతే. నాన్న పోయి పదకొండేళ్ళయింది. ఆ మంచమూ తీసేశాము. ఆవిడ ఇప్పటికీ ఖాళీ గోడకేసి తిరిగే పడుకుంటుంది.

ఈ గీత సంగతి మా మేనకోడలికి పట్టుకుంది. ముప్పై యేళ్ళ పిల్ల, అద్దంలో తన ఎడమ చెంప మీద నానమ్మ పోలిక కనబడిందని బెంగ. ఎక్కడో చదివి, వెల్లకిలా పడుకోవడానికి ఒక ప్రత్యేకమైన దిండు తెప్పించుకుంది. అప్పుడు దానికి ఏడో నెల దాటింది.

"మీ డాక్టరమ్మ ఎలా పడుకోమన్నారే?" అని అడిగాను.

"ఎడమ పక్కకు తిరిగి."

"మరి ఇదేమిటి?"

"ఎడమ పక్కే కదత్తా నానమ్మకి పడింది!"

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. నెలలు నిండే కాలంలో వెల్లకిలా పడుకుంటే గర్భాశయం బరువు వెన్ను పక్కనున్న పెద్ద సిరను నొక్కుతుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గి, బిడ్డకు అందేదీ తగ్గుతుంది. ఇరవై ఎనిమిదో వారం దాటాక పక్కకు తిరిగే నిద్రకు ఉపక్రమించమని వైద్యులు చెప్పేది అందుకే. ఈ మాట చెప్పాక అది ఇంకేమీ అనలేదు. ఆ రాత్రే దిండు అటక ఎక్కింది.

ముడతల నివారణకు వెల్లకిలా నిద్రను మించిన ఉపాయం లేదని రాసేవారు ఈ మాట కూడా పక్కనే రాయాలి. గురక పెట్టేవారికి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవారికి కూడా అది సాధారణంగా మంచిది కాదు. నాలుక వెనక్కి జారి దారి మూస్తుంది. పట్టు గలీబుల సంగతంటారా, ఒరిపిడి కొంత తగ్గిస్తాయేమో గాని తల బరువును తగ్గించలేవు. పైగా శాటిన్ అన్నది నేత పేరే తప్ప నూలు పేరు కాదు. ఆ పేరుతో అమ్మేది తరచూ పాలియెస్టరే.

దిండుకు పెట్టే ఖర్చులో కొంత ఎండకు పెడితే నయమని నా అభిప్రాయం. ఆస్ట్రేలియాలోని నాంబూర్ ఊళ్ళో 900 మందికి పైగా మనుషులను నాలుగున్నరేళ్ళు గమనించి 2013లో ఫలితాలు ప్రకటించారు. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారి చర్మం ముదరడం స్పష్టంగా నెమ్మదించింది. నిద్రలో పక్కలు మార్చుకోవడం, మెత్తని దిండును చెంప కింద కాక చెవికి పైభాగాన ఉండేలా సర్దుకోవడం వంటివి ఖర్చు లేని పనులు, చేసుకోవచ్చు. నిద్ర పట్టాక మనం ఎటు దొర్లుతామో మన చేతిలో లేదనుకోండి.

మేనకోడలికి ఆడపిల్ల పుట్టింది. పాప ఉయ్యాలను వారానికోసారి మంచానికి ఆ పక్కనుంచి ఈ పక్కకు మారుస్తోందట. ఎందుకని వాళ్ళాయన అడిగితే గాలి కోసమని చెప్పిందట.