మిద్దె మీద మట్టి: మదనపల్లె నుంచి రామసముద్రం దాకా

మదనపల్లెలో తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఇంటిని చూడబోయేవాళ్ళు పెద్ద లోగిలిని ఊహించుకోవద్దు. పాత ఊళ్ళో, పక్కిళ్ళ మధ్య ఒదిగిపోయిన చిన్న ఇల్లు అది. రెవిన్యూ శాఖలో పనిచేసే నారాయణయ్యకూ, సంజీవమ్మకూ ఎనిమిదో సంతానంగా 1895 మే నెలలో కృష్ణమూర్తి ఇక్కడ పుట్టాడు. పూజగదిలోనే కాన్పు కావాలని ఆ తల్లి కోరుకుందని జీవితచరిత్రలు రాసినవాళ్ళు చెబుతారు. పురిటి అంటును అంతగా పాటించే ఆ రోజుల్లో ఆమె ఎంత గట్టిగా పట్టుబట్టి ఉంటుందో ఆ గడప దగ్గర నిలబడితే అర్థమవుతుంది. 1909లో ఆ కుటుంబం మద్రాసు అడయారుకు చేరింది. ఈ ఇల్లు ఇప్పుడు కృష్ణమూర్తి ఫౌండేషన్ చేతిలో అధ్యయన కేంద్రంగా ఉంది. చదువుకునేవాళ్ళు వస్తారు, కూర్చుంటారు, మాట్లాడుకుంటారు. తలుపు రోజూ తెరుచుకుంటుంది కాబట్టి గోడకు చెమ్మ పట్టినా, వాసానికి చెద పట్టినా ఎవరో ఒకరి కంట పడుతుంది.

మదనపల్లె, పుంగనూరు, రామసముద్రం చుట్టుపక్కల పాత కట్టడాలు ఏవి నిలిచాయి, ఏవి పోతున్నాయి అని చూస్తూ తిరిగాను. నిలిచినవాటికీ పోయినవాటికీ మధ్య తేడా డబ్బులోనో పేరులోనో ఉంటుందనుకునేవాడిని. తిరిగేకొద్దీ తేడా వాడకంలో కనబడింది.

ఊళ్ళోనే ఉన్న బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల ఇందుకు మంచి సాక్ష్యం. అనీ బిసెంట్ 1915లో స్థాపించిన ఈ కాలేజీ హోమ్ రూల్ ఉద్యమం రోజుల్లో మద్రాసు ప్రభుత్వానికి కంటగింపు అయింది. 1917లో ప్రభుత్వం బిసెంట్‌ను నిర్బంధించింది. అయినా కాలేజీ నడిచింది. ఐర్లండు నుంచి వచ్చిన కవి జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాల్‌గా ఉండగా 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ ఇక్కడికి వచ్చి బస చేశాడు. 1911లో కలకత్తా కాంగ్రెస్ సభలో తొలిసారి వినిపించిన 'జనగణమన'ను ఈ ఆవరణలోనే ఫిబ్రవరి 28న ఇంగ్లీషులోకి అనువదించుకున్నాడు. సంగీతం తెలిసిన జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాసి పెట్టింది. 1950 జనవరి 24న అది జాతీయగీతమైంది. బళ్ళో పొద్దున్నే నిలబడి ఆ పాట పాడిన ప్రతి తెలుగు పిల్లవాడికీ ఈ ఆవరణతో చుట్టరికం ఉంది.

ఇంత చరిత్ర ఉన్న కాలేజీ ఒక ప్రదర్శనశాలగా మిగిలిపోలేదు. నేను వెళ్ళినప్పుడు చెట్ల కింద పిల్లలు పరీక్షల గురించి మాట్లాడుకుంటున్నారు. చదువు ఆగకపోవడమే ఇక్కడి గోడలకు కాపలా. వాన కురిస్తే తరగతి గది కారుతోందని ఫిర్యాదు చేసే విద్యార్థి ఏ పురావస్తు ఉద్యోగికంటే ముందే ప్రమాదాన్ని పసిగడతాడు.

ఊరికి కాస్త దూరంలోని ఆరోగ్యవరంలో కట్టడాన్ని ఇంకో కంటితో చూడాల్సి వస్తుంది. పాత నవలల్లో, పాత సినిమాల్లో 'మదనపల్లె పంపించారు' అంటే క్షయ వచ్చిందని అర్థం. మిషన్ల సంఘాలు కలిసి ఇక్కడ నెలకొల్పిన క్షయ శానిటోరియం 1915లో రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టింది. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్-మోలర్ దాన్ని పెంచి పెద్దచేశాడు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1940ల్లో గాని రాలేదు. అందాకా గాలి, ఎండ, విశ్రాంతి, మంచి తిండి, ఇవే వైద్యం. కాబట్టి ఇలాంటి శానిటోరియాల్లో వార్డుకు పొడవాటి వరండా ఉండి తీరాలి. గాలి ఒక పక్క దూరి ఇంకో పక్క పోవాలి. మంచం ఎండలోకి జరిగేటట్టు ఉండాలి. కట్టడాల మధ్య ఎడం వదలాలి, ఆ ఎడంలో చెట్లు పెంచాలి. మందు కనిపెట్టకముందు మనుషులు గోడలతో, కిటికీలతో వైద్యం చేసిన కాలం అది. 1948లో దేశంలో బీసీజీ టీకాల పని మొదలైన మొదటి చోట్లలో మదనపల్లె ఒకటి. ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది. ఒక పాత వరండాను అద్దాలు బిగించి మూసేస్తే పోయేది అందం ఒక్కటే కాదు. ఆ వార్డును ఎందుకు అలా కట్టారో చెప్పే ఆధారమూ పోతుంది. ఆరోగ్యవరం లాంటి చోట మరమ్మతు చేసే ఇంజినీరుకు వైద్య చరిత్ర కూడా కొంత తెలిసి ఉండాలి.

పుంగనూరుకు వెళ్తే దృశ్యం మారుతుంది. పొట్టి ఆవుల ఊరుగా పుంగనూరు పేరు ఇవాళ దేశమంతా తెలుసు. అంతరించిపోయే దశకు వచ్చిన ఆ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రం పట్టుదలగా నిలబెట్టింది. పుంగనూరులోనే ఉన్న జమీందార్ల ప్యాలెస్‌కు అలాంటి ఆసరా లేదు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. రైతుకు మేలు చేసిన ఆ చట్టాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ దాంతోపాటు జమీందారీ కోటలకు, మేడలకు ఏటేటా సున్నం వేయించే రాబడి ఎండిపోయింది. ఇంత పెద్ద కట్టడాన్ని ఒక కుటుంబం ఎంతకాలమని మోయగలదు?

అయినా పుంగనూరు ప్యాలెస్‌ను ఊరు మరిచిపోలేదు. సుగుటూరు గంగమ్మ జాతర ఈ ప్యాలెస్ ఆవరణలోనే జరుగుతుంది. జమీందారీ వంశీకుల తొలి పూజతో అది మొదలవుతుంది. చుట్టుపక్కల పల్లెల జనం, సరిహద్దు అవతలి కర్ణాటక పల్లెల జనం ఈ ఆవరణలో నిండిపోతారు. ఏడాదిలో ఆ కొద్ది రోజులైనా తలుపులు తెరుచుకుంటాయి, నేల శుభ్రపడుతుంది, గోడలు సున్నం చూస్తాయి. మిగతా రోజులకూ ఒక పని కల్పించగలిగితే ఈ ప్యాలెస్‌కు ఇంకా చాలా ఆయుష్షు ఉంది. ఆవును కాపాడుకున్న ఊరికి ఇది చేతకాని పని కాదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ పేరున్న కట్టడాలు. నా మనసు ఎక్కువగా నిలిచింది మాత్రం రామసముద్రం వైపు పల్లెల్లో పేరులేని మిద్దెల మీద. కర్ణాటక సరిహద్దున ఉన్న ఈ మండలంలో మాటలో కన్నడం కలిసినట్టే ఇళ్ళలోనూ కోలారు వైపు పద్ధతి కలుస్తుంది. ఎటు చూసినా గుండ్లూ బండలూ ఉన్న నేల కాబట్టి గోడకూ రాయే, కూసానికీ రాయే. వీధి పక్కన తిన్నె, లోపల పడసాల, పైకప్పులో వెలుతురు కోసం గవాచి. కలిగినవాళ్ళదైతే నడుమ ఆకాశం కనబడే తొట్టి, దాని చుట్టూ స్తంభాలు.

అలాంటి ఒక మిద్దె దగ్గర పాతకాలపు పని తెలిసిన ఒక పెద్దాయన దొరికాడు. కట్టడం ఎలా ఉంటుందో అడిగితే మాటలతో కాకుండా నిచ్చెన వేయించి పైకి తీసుకెళ్ళి చూపించాడు. రాతి గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద కట్టెపేళ్ళు, ఆపైన ఆకు, దానిపైన తొక్కి మెత్తగా చేసిన మట్టి, అన్నిటికీ పైన చౌడు. నీళ్ళు జారిపోవడానికి ఒక పక్కకు వాలు, చివర దోనె.

"చౌడుదే అంతా, సామీ" అన్నాడు. "వాన పడతానే అది ఉబ్బి సందులన్నీ మూసుకుంటాది. నీళ్ళు కిందికి దిగవు, దోనె దావ పట్టుకుంటాయి."

పైరు పండని ఉప్పు నేలలోని మట్టికి తడిస్తే మెత్తబడి రంధ్రాలను పూడ్చేసే గుణం ఉంది. సేద్యానికి పనికిరాని ఆ మట్టిని మన పెద్దలు ఇంటికి గొడుగుగా మార్చుకున్నారు. కానీ దానికి ఒక నియమం ఉంది. ఏటా వానలకు ముందు పైన కొత్త పొర వేయాలి. ఊరికే వేసుకుంటూ పోతే బరువు పెరిగి దూలం వంగుతుంది. కాబట్టి అప్పుడప్పుడు పాత మట్టిని గీకి దింపాలి. నాలుగేళ్ళు ఎవరూ మిద్దె ఎక్కకపోతే గడ్డి మొలుస్తుంది, గడ్డి వేళ్ళ వెంట నీరు దిగుతుంది, దంతె కొసలు కుళ్ళుతాయి. ఒక్క దంతె విరిగితే ఇల్లు కూలిపోతుందని భయపడి జనం ఖాళీ చేస్తారు. ఖాళీ చేసిన ఇల్లు నిజంగానే కూలిపోతుంది.

"ఇప్పుడు మట్టి ఎయ్యమంటే ఎవురొస్తారు, తాతా?" అని అడిగాను.

"పిలిచేవోళ్ళు ఉంటే వచ్చేవోళ్ళు ఉండారు. పిలిచేవోళ్ళే లేరు" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. పనివాళ్ళు కరువయ్యారని మనం అనుకుంటాం. పని చెప్పేవాళ్ళు కరువవడం వల్లే వాళ్ళు వేరే పనులకు మళ్ళారు. గానుగ సున్నం కథా అంతే. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్ళలో నానబెట్టి, ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో నూరి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి కట్టుడు సున్నం తయారుచేసేవాళ్ళు. ఆ పూత గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. ఇవాళ పాత మట్టి గోడ కాస్త రాలగానే యజమాని ప్రేమతోనే సిమెంటు పూయిస్తాడు. సిమెంటు చెమ్మను లోపలే బిగబట్టి ఉంచుతుంది. రెండు మూడు వానలకు గోడ ఉప్పు పూస్తుంది, పూత పెచ్చులుగా ఊడుతుంది, ఊడేటప్పుడు లోపలి మట్టినీ తీసుకుపోతుంది. ఇంటిని బాగుచేశాననుకున్న మనిషే దాన్ని తెలియక బలహీనం చేస్తున్నాడు. అతనికి సరైన మాట చెప్పే మనిషి మండలంలో ఒక్కరైనా ఉండాలి.

ఇంకో ఇంట్లో ఒక అమ్మ తిన్నె మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఇల్లు నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అట. ముగ్గురు బెంగళూరులో ఉన్నారు. "పడగొట్టాలంటే నలుగురూ ఒప్పుకోవాల, బాగుచేయాలన్నా నలుగురూ ఒప్పుకోవాల. పండగకొస్తే ఆ మాటే ఎత్తరు" అంది. చెక్కిన వాకిలిని కొనడానికి బెంగళూరు నుంచి మనుషులు వస్తున్నారని కూడా చెప్పింది. ఇల్లు ఇక్కడ కూలిపోతూ ఉంటే వాకిలి ఎక్కడో ఒక హోటల్లో అలంకారమవుతుంది. వాకిలిని అమ్మినవాళ్ళను తప్పుపట్టలేం. కారుతున్న ఇంటికి ఆ డబ్బే దిక్కు అయినప్పుడు వాళ్ళేం చేస్తారు?

చట్టం ఈ ఇళ్ళ దాకా రాదు. 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి రాష్ట్ర చట్టం రక్షిత కట్టడాలుగా ప్రకటించినవాటిని కాపాడతాయి. మదనపల్లెకు దగ్గర్లోని గుర్రంకొండ కోట, మహలు అలా కేంద్ర పురావస్తు శాఖ నీడలో ఉన్నాయి. కాపురం ఉంటున్న మిద్దెకు ఆ నీడ అందదు, అందడం మంచిదీ కాదు. ప్రతి మేకుకూ అనుమతి అడగాలంటే ఏ కుటుంబమూ ఆ ఇంట్లో ఉండలేదు. ఈ ఇళ్ళకు కావలసింది ఆంక్ష కాదు, ఆసరా. పుదుచ్చేరిలో ఆ ఆసరా ఎలా ఉంటుందో చేసి చూపించారు. అక్కడి వైశ్యాల్ వీధిలో యజమానులు కొంత, పథకం కొంత పెట్టుకుని ఇళ్ళ వీధి ముఖాలను బాగుచేసుకున్నారు. 2008లో ఆ వీధికి యునెస్కో పురస్కారం వచ్చింది. ఆ వీధిలో జనం ఇప్పటికీ కాపురం ఉంటున్నారు.

మన దగ్గర మొదలుపెట్టడానికి కావలసినవన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయి. మదనపల్లెలో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. సివిల్ విద్యార్థులు ఒక్కో బ్యాచ్ ఒక్కో వీధి చొప్పున పాత ఇళ్ళ కొలతలు తీసి పటాలు గీస్తే కొన్నేళ్ళలో పట్టణానికి ఒక జాబితా తయారవుతుంది. కుప్పంలో 1997లో నెలకొల్పిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. మూడు భాషలు కలిసే ఈ సరిహద్దు సీమలో మిద్దెకు, తొట్టికి, దూలానికి ఉన్న మాటలనూ పనితనాన్నీ పెద్దల నోటి నుంచి రికార్డు చేయడానికి అంతకంటే తగిన చోటు లేదు. ఐటీఐల్లో తాపీపని నేర్పేటప్పుడు సిమెంటుతోపాటు సున్నం పని కొన్ని వారాలు నేర్పితే చాలు. పురపాలక సంఘాలు పాత ఇంటిని పాత పద్ధతిలో బాగుచేసుకున్న యజమానికి ఆస్తి పన్నులో కొంత తగ్గించాలి. పంచాయతీలు ఒకటి రెండు ఖాళీ మిద్దెలను అద్దెకు తీసుకుని గ్రంథాలయంగానో, అంగన్‌వాడీగానో నడపాలి. వాడకం మొదలైతే మరమ్మతు దానంతట అదే వెంట వస్తుందని మదనపల్లెలోని ఆ చిన్న ఇల్లూ, ఆ కాలేజీ, ఆ ఆసుపత్రీ రుజువు చేస్తూనే ఉన్నాయి.

వీటన్నిటికంటే ముందు, ఖర్చు తక్కువైన పని ఇంకొకటి ఉంది. ఊళ్ళో పాత మిద్దె ఉన్నవాళ్ళు ఈ వేసవిలో, వానలు రాకముందే, మిద్దెకు మట్టి వేసే పని తెలిసిన పెద్దాయనను పిలిపించుకోవాలి. కూలి ఇచ్చి మిద్దె ఎక్కించి, ఇంట్లో కుర్రవాణ్ణి కూడా ఆయన వెంట పంపాలి. ఆ ఒక్క రోజు పనితో ఇంటికి ఒక ఏడాది ఆయుష్షు, ఆ పనికి ఇంకో తరం ఆయుష్షు దక్కుతాయి.