మెకెలేలో మావాళ్ళు

పరాయిదేశం వెళ్ళి సేవ చేసి వచ్చినవాళ్ళలో ఫోటోలు చూపించి, ఆరునెలలు ఆ కబుర్లే చెప్పి, ఆ తరవాత మరచిపోయేవాళ్ళే ఎక్కువ. వాళ్ళని తప్పుపట్టను. ఎవరి సంసారం వాళ్ళది. నాకు మాత్రం ఆ దేశం ఇంకా వదల్లేదు.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, 2014లో ఇథియోపియా ఉత్తరాన తిగ్రాయ్ ప్రాంతంలోని మెకెలే పట్టణంలో ఒక బడిలో ఏడాదిపాటు జీతం లేకుండా లెక్కలు చెప్పాను. హోసూరు తాలూకావాణ్ణి కదా, రాగుల మొహం చూడకుండా ఏడాది ఎట్లా గడుస్తుందా అని బెంగపెట్టుకుని పోయాను. సంతలో మొదటి వారమే కనబడ్డాయి! దగూసా అంటారు. సంగటి కెలకరు గాని, అట్ల పిండిలో కలుపుతారు, ఇంట్లో కాచుకునే బీరులో వేస్తారు. అసలు రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తునేలలేనని శాస్త్రజ్ఞులు చెబుతారు. మా తాతలు తిన్నది వాళ్ళ గింజేనన్నమాట.

లిపి సంగతి ఇంకా విచిత్రం. ఒక్కో హల్లుకు ఏడు రూపాలు. పిల్లలు లె, లు, లి, లా, లే, ల్, లో అని వల్లిస్తుంటే అచ్చం మన గుణింతమే. 2006 నాటి తమిళ నిర్బంధ చట్టం తరవాత మా వైపు బడుల్లో గుణింతం వినిపించడం తగ్గిపోయింది. అంతదూరం పోయి ఆ వరస వినేసరికి కిటికీ దగ్గర నిలబడిపోయాను.

గడియారం కూడా వాళ్ళది వేరు. మన జాముల లెక్కలాగా పొద్దు పొడుపు నుంచి ఎంచుతారు. ఉదయం ఏడంటే వాళ్ళకి ఒంటిగంట. ఏడాదికి పదమూడు నెలలు.

నా దగ్గర చదివిన ఒక కుర్రవాడి తల్లి రోజూ కాఫీకి పిలిచేది. పచ్చిగింజలు మన ఎదుటే వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి మూడు దఫాలు పోస్తారు. మూడోదాన్ని బరకా అంటారు, అంటే దీవెన. అది తాగకుండా లేస్తే మర్యాద కాదు. తిరిగివచ్చాక ఆ కుర్రవాడితో ప్రతి ఆదివారం ఫోను. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అక్కడ సాయంత్రం ఆరు, వాళ్ళ లెక్కన పన్నెండు. తరవాత అతనూ బడిపంతులయ్యాడు. నన్ను మెమ్హిర్ అంటాడు, అయ్యవారూ అన్నట్టు.

2020 నవంబరు 4న యుద్ధం మొదలైంది. ఫోన్లు ఆగాయి. కొన్ని వారాలకు మెకెలేలో మళ్ళీ పలికాయి గాని, "ఏమీ అడగవద్దు మెమ్హిర్" అని వానల గురించి మాట్లాడి పెట్టేసేవాడు. 2021 జూన్ ఆఖరున అవీ పోయాయి. బ్యాంకులు లేవు, కరెంటు లేదు, దారులు మూసుకున్నాయి. అడిస్ అబాబాలో వున్న తెలిసినవాళ్ళని అడగడం మానేశాను. తిగ్రాయ్ పేరెత్తడమే అప్పుడు వాళ్ళకి ప్రమాదం. ఆదివారం వస్తే నంబరు నొక్కేవాణ్ణి, పలికేది కాదు. "ఏమప్పా, యుద్ధం జరిగే చోట ఫోనెవరు ఎత్తుతారు?" అన్నాడు మా ఎదురింటి పెద్దాయన. నిజమే. అయినా నొక్కేవాణ్ణి. ఆ తీరిక వేళ ఒక నోటుబుక్కులో వాళ్ళ అక్షరాలు దిద్దేవాణ్ణి. చేత్తో చెయ్యదగింది నాకు అదొక్కటే మిగిలింది.

2022 నవంబరు 2న ప్రిటోరియాలో ఒప్పందమైంది. డిసెంబరు ఆఖరున మెకెలేకి విమానాలు మళ్ళీ ఎగిరాయి. జనవరిలో ఒక ఆదివారం అతను ఎత్తాడు.

గొంతు పోల్చుకోలేకపోయాను. జీతం లేక ఎన్ని నెలలైందో అతనే మరచిపోయాడు. డబ్బు పంపుతానంటే వినిపించుకోకుండా, "మీ వూళ్ళో దగూసా నూర్చారా?" అని అడిగాడు. నూర్చాం, ఈసారి బాగా పండింది అన్నాను. అన్న సంగతి అడగబోతే, "అమ్మ మాట్లాడుతుంది" అని ఫోను అందించాడు.

ఆమె చాలాసేపు మాట్లాడింది. నాకు వచ్చిన తిగ్రిన్యా పలకరింపులకు సరిపోయేంత, అంతే. మాటల మధ్య పెద్దకొడుకు పేరు రెండుసార్లు వినబడింది. ఆ రెండుసార్లూ ఆమె కాసేపు ఆగింది. నేను "అమ్మా" అన్నాను, తెలుగులోనే.