అమ్మాయి గదిలో పులగం

అన్నలూ, తమ్ముళ్లూ, ఇవాళ కందుల రేటు గురించి కాదు. పిల్లల్ని చదువులకి పట్నం పంపినోళ్లు ఇది చదవండి.

మా అమ్మాయి గుంటూరులో డిగ్రీ రెండో ఏడు. హాస్టల్ తిండి పడట్లేదని ఈ ఏడు ఇంకో ఇద్దరితో కలిసి గది తీసుకుంది. పోయిన నెల క్లాసులో కళ్లు తిరిగి పడిపోయిందని ఫోనొచ్చింది. పోయి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4. ఆడపిల్లకి 12 ఉండాలంట. డాక్టరమ్మ ఐరన్ బిళ్లలు రాసి, "ఏం తింటున్నావమ్మా?" అనడిగింది. పిల్ల నావంక చూసి తల దించుకుంది.

గదికి పోయి చూస్తే నూడిల్స్ పొట్లాలు, బిస్కెట్లు, మేం పంపిన పచ్చడి. కోపమొచ్చి అరిచాను. "రోజూ కర్రీ పాయింట్‌లో కొంటే నెలకి ఎంతవుద్దో తెలుసా నాన్నా? మిరప పోయిందని అమ్మ చెప్పింది" అంది. ఇంక నాకు మాట రాలేదు. కందులు బస్తాల లెక్కన అమ్ముకునే ఇంటి పిల్ల, పప్పన్నం లేక పడిపోయింది.

ఆ సాయంత్రమే కరెంటు కుక్కర్ కొన్నా. నాకేమో వంట రాదు. మా ఇంటావిడ ఫోన్లో చెప్తుంటే ఇద్దరం మొదలుపెట్టాం. కందిపప్పు వేద్దామంటే, "దానికి విజిల్ ఉండదు, కందిపప్పు ఒక పట్టాన ఉడకదు, పెసరపప్పు వెయ్యండి" అంది. కంది రైతుని పోయి పెసరపప్పు కొనుక్కొచ్చా!

గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు కడిగి అరగంట నానబెట్టాలి. ఐదు గ్లాసుల నీళ్లు, పసుపు, ఉప్పు, చెంచా నూనె, గుప్పెడు మునగాకు. మునగాకు ఇంటి ఓనరమ్మ పెరట్లోదే. గిన్నె సగానికి మించొద్దు. మేం నిండా పోస్తే నురగ పొంగి బల్లంతా కారింది, ప్లగ్ పీకి తుడుచుకునేసరికి తల ప్రాణం తోక్కొచ్చింది. తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోవాలి. ఆకులో ఐరన్ ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయం చేస్తదంట. టీ మాత్రం తిన్నాక గంట ఆగి తాగమంది డాక్టరమ్మ, వెంటనే తాగితే ఐరన్‌ని పట్టనీయదంట.

అదే కుక్కర్లో గుడ్లు ఉడుకుతాయి. రాగిపిండి ముందు చన్నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోసి తిప్పితే ఉండ కట్టకుండా జావ అవుద్ది. వంట ఒప్పుకోని హాస్టల్లో మీ పిల్లలుంటే నానబెట్టిన వేరుశనగ గింజలు, మొలకెత్తిన పెసలు, నువ్వుల ఉండలు చాలు, వీటికి పొయ్యి అక్కర్లేదు.

మూడు వారాలైంది. నిన్న పులగం ఫోటో పెట్టింది, అడుగు మాడింది. మిగతా ఇద్దరు పిల్లలు కూడా అదే తింటున్నారంట. వచ్చే నెల మళ్లీ రక్తపరీక్ష.

ఆదివారం పోతున్నా. పెసలు, వేరుశనక్కాయలు కడుతున్నా. మీ పిల్లలు గుంటూరులో ఉంటే సంచి కట్టి శనివారం రాత్రికల్లా మా ఇంట్లో ఇవ్వండి, చేర్చొస్తా.