గ్యాసే కదా, డాక్టరు బాబూ?

జంషెడ్‌పూర్‌లో గుండె డాక్టరు ముందు కూర్చున్న రోగి తన జబ్బు పేరు తనే చెప్పేస్తాడు. "గ్యాస్ ఎక్కింది." హిందీలో చెప్పినా, బెంగాలీలో చెప్పినా, శ్రీకాకుళం యాసలో చెప్పినా మాట ఒకటే. కడుపులో పుట్టి ఛాతీలోకి, ఛాతీలోంచి ఎడమ భుజానికి, అక్కణ్ణించి దవడకి ఎక్కే ఈ గ్యాసు ఊసు మేము చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఈ ఊళ్లో మాత్రం ఇంటింటా ఉంది. దాని మందులు కూడా వంటింటి అలమరలోనే ఉంటాయి: ఈనో ప్యాకెట్టు, వాము, నిమ్మకాయ సోడా.

ఇక్కడి కద్మా పేటలో ఉండే ఒక పెద్దాయన్ని ఉదయం ఎనిమిదింటికి తీసుకొచ్చారు. ఉక్కు కారఖానాలో పనిచేసి రిటైరైన మనిషి. తాతల కాలంలో పలాస వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. "రాత్రి రెండు గంటలకాడ గ్యాసెక్కీసిందండి. ఈనో తాగినాను. వాంతయ్యాక కాస్త తేలిగ్గున్నాది," అన్నాడు. చొక్కా తడిసిపోయి ఉంది. ఈసీజీ తీస్తే గుండె కింది గోడకి రక్తం అందడం లేదని స్పష్టంగా కనిపిస్తోంది. పక్కన కొడుకు ఇంకా డ్యూటీ బూట్లతోనే నిలబడి ఉన్నాడు. రాత్రి పదికి సి షిఫ్టుకి వెళ్లి పొద్దున్న ఆరుకి దిగాడు. అతను ఇంటికొచ్చేదాకా తల్లీ తండ్రీ ఎదురుచూస్తూ కూర్చున్నారు. "డూటీలో ఉన్న పిల్లడికి ఫోన్ సేసి బెదరగొట్టడమెందుకని ఊరుకున్నానండి," అంది ఆవిడ. ఈ లోపల ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "గ్యాసే కదా, డాక్టరు బాబూ?"

ఆయన పొరపాటు పడ్డాడు గానీ, అందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. గుండె కింది గోడ ఉదరవితానం మీద ఆని ఉంటుంది. దాని కిందే జీర్ణాశయం. గుండె నుంచీ జీర్ణాశయం నుంచీ వచ్చే నరాల కబుర్లు దాదాపు ఒకే దారిలో మెదడుకి చేరతాయి. ఏది ఎక్కణ్ణించి వచ్చిందో మెదడు సరిగ్గా పోల్చుకోలేదు. అందుకే కింది గోడకి వచ్చే గుండెపోటులో పొట్ట పైభాగంలో మంట, వికారం, వాంతి, చెమట కనిపిస్తాయి. త్రేనుపు వస్తే హాయిగా అనిపించవచ్చు, వాంతి అయ్యాక నొప్పి కాసేపు తగ్గవచ్చు. అంతమాత్రాన అది గ్యాసని రుజువు కాదు. ఇంటి దగ్గర పడుకుని దీన్ని తేల్చడం నా వల్ల కూడా కాదు. నాకే అలాంటి నొప్పి వస్తే నేనూ ఈసీజీ యంత్రం దగ్గరికి వెళ్లాల్సిందే.

రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన అరగంటకే గుండె కండరం చావడం మొదలవుతుంది. ఆరు గంటలు గడిస్తే ఆ ప్రాంతంలో కాపాడుకోవడానికి పెద్దగా మిగలదు. పెద్దాయన ఆరు గంటలు ఇంట్లోనే గడిపేశాడు. బెలూన్ పెట్టి నాళం తెరిచాం, ప్రాణం దక్కింది. కానీ గుండె కొట్టే బలం తగ్గిపోయింది. ఇప్పుడు రెండో అంతస్తు క్వార్టరుకి మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. నొప్పి మొదలైన గంటలోపు వచ్చినవాళ్లు చాలామంది మళ్లీ మామూలుగా తిరుగుతున్నారు. జబ్బూ మందూ అందరికీ ఒకటే. తేడా వచ్చింది గడియారంలోనే.

నాళాన్ని మూసేసే గడ్డకి ఏ మందు పనికొస్తుందో తెలుసుకోవడానికి వైద్యులకీ చాలాకాలం పట్టింది. 1988లో అచ్చయిన ఐసిస్-2 అనే పరిశోధనలో దాదాపు 17 వేల మంది గుండెపోటు రోగులు ఉన్నారు. వాళ్లలో ఆస్పిరిన్ తీసుకున్నవారిలో మొదటి ఐదు వారాల మరణాలు దాదాపు 23 శాతం తగ్గాయి. గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేస్‌తో కలిపి ఇస్తే 42 శాతం తగ్గాయి. ఆస్పిరిన్ కొద్ది రూపాయల్లో దొరికే మాత్ర. అంతకంటే చవకైన గుండె వైద్యం నాకు తెలిసి ఇంకొకటి లేదు.

నాళాల సంగతికొస్తే నన్ను అందరికంటే ఎక్కువగా విసిగించే ప్రశ్న "ఎంత పర్సెంట్ బ్లాకు?" అన్నది. యాంజియోగ్రామ్ అయ్యాక బయట వరండాలో బంధువులు పదో తరగతి మార్కులు చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు: ఫలానా ఆయనకి 90 వచ్చిందట, మా బావగారికి 70. అరవైలోపు వచ్చినవాడు పాసైనట్టు సంతోషంగా ఇంటికెళ్లి కొలెస్ట్రాల్ మాత్ర మానేస్తాడు. కానీ నాళం గోడ మీద పేరుకున్న కొవ్వు పూత పెద్దది కాకపోయినా, పైపొర పలచగా ఉంటే ఒకరోజు చిట్లుతుంది. అక్కడ నిమిషాల్లో రక్తం గడ్డకట్టి నాళం మొత్తం మూసుకుపోతుంది. గుండెపోట్లలో చాలావాటికి మూలం ఇలాంటి మధ్యరకం పూతలే. పోయిన నెల ఈసీజీ నార్మల్, ట్రెడ్‌మిల్ నార్మల్ అని ఫైలు చూపించిన మనిషికి ఈ నెల గుండెపోటు రావడానికి కారణం కూడా ఇదే. ఈసీజీ అనేది, తీసిన ఆ పది సెకన్లలో గుండె ఎలా ఉందో మాత్రమే చెబుతుంది. నొప్పి ఉండగా తీసిన మొదటి ఈసీజీ బాగున్నా కాసేపాగి మళ్లీ తీస్తాం, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష రెండుసార్లు చేస్తాం. డబ్బుల కోసం అనుకునేవాళ్లు ఉంటారు. అనుకోనివ్వండి.

ఇక స్టెంట్. "వేసెయ్యండి సార్, పీడ పోతుంది" అనేవాళ్లూ, "మా చెల్లెలి మామగారికి వేశారు, పోయాడు, నాకొద్దు" అనేవాళ్లూ ఒకే రోజు ఓపీలో పక్కపక్కన కూర్చుంటారు. ఇద్దరికీ నా జవాబు ఒకటి కాదు. గుండెపోటు నడుస్తూండగా స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది. కానీ కొన్ని నెలలుగా ఒకేలా ఉండి, నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పిలో సంగతి వేరు. 2007లో కరేజ్, 2020లో ఇస్కీమియా అనే పరిశోధనల ఫలితాలు అచ్చయ్యాయి. మంచి మందులు వాడుతున్న అలాంటి రోగులకి స్టెంట్ నొప్పి తగ్గిస్తుంది గానీ, ఆయుష్షు పెంచుతుందని అవి చూపలేకపోయాయి. ఎడమ ప్రధాన నాళంలో బ్లాకు ఉన్నవాళ్లకీ, మందులకి లొంగని నొప్పి ఉన్నవాళ్లకీ, గుండె బలం బాగా తగ్గినవాళ్లకీ లెక్క మారుతుంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న పర్సెంట్ గురించి కాదు. "ఇప్పుడు వేయకపోతే నాకు ఏమవుతుంది?" అని అడగండి. నా తోటివాళ్లలో కొందరికి ఈ ప్రశ్న నచ్చదు. అయినా అడగండి. ఖర్చు సంగతికొస్తే, 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మందు పూసిన స్టెంట్‌కి 29,600 రూపాయలు, మామూలు లోహపు స్టెంట్‌కి 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా కట్టింది. అంతకుముందు ఒక్కొక్కటి లక్ష దాటిన రోజులు నేను చూశాను.

"స్టెంట్ ఎన్నేళ్లు పనిచేస్తుంది?" అంటే, దానికి గ్యారంటీ కార్డు లేదు, గడువు తేదీ లేదు. కొన్ని నెలల్లో నాళం లోపొర దాని మీద పాకి కప్పేస్తుంది. ఆ లోపు మాత్రం రక్తం పలచన చేసే రెండు మాత్రలు తప్పకూడదు. గుండెపోటుకి వేసిన స్టెంటయితే సాధారణంగా ఏడాది దాకా. ఒకతను స్టెంట్ వేయించుకున్న మూడో నెలలో సంక్రాంతికి ఊరికెళ్లాడు. పది రోజులకని తీసుకెళ్లిన మాత్రలు అయిపోయాయి, తిరుగు ప్రయాణం వెనక్కి జరిగింది. "టాటా వెళ్లాక కొనుక్కుందాం" అనుకున్నాడు. స్టెంట్‌లో గడ్డకట్టి, ఇక్కడి టాటానగర్ స్టేషన్ నుంచి నేరుగా మా దగ్గరికి వచ్చాడు. పన్ను పీకించుకోవడానికి తమంతట తామే మాత్రలు ఆపేవాళ్లు ఇంకో రకం. పళ్ల డాక్టరుకి స్టెంట్ సంగతి చెప్పండి, మాకొక ఫోన్ చేయమనండి.

ఇంకెక్కడా ఇంతగా వినపడని ప్రశ్న ఒకటి ఈ ఊళ్లో ఉంది. "డ్యూటీకి ఎప్పుడు పోవచ్చు?" గుండె కోలుకుందా అని అడగరు. సాక్చీ అనే పల్లె దగ్గర కొలిమి వెలిగించి 1912లో మొదటి ఉక్కు తీసిన ఊరిది. అదే ఏడాది ఎనిమిది గంటల పనిదినం కూడా ఇక్కడ అమల్లోకి వచ్చింది. అప్పటికి దేశంలో ఆ చట్టమే లేదు. ఆ ఎనిమిది గంటలే ఎ, బి, సి షిఫ్టులై ఇక్కడి వాళ్ల తిండినీ నిద్రనీ మూడు తరాలుగా నడిపిస్తున్నాయి. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, పిల్లల చదువు చెదురుతుంది. డ్యూటీ అంటే వీళ్లకి జీతం ఒక్కటే కాదు. అందుకే ఆ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. చిన్న గుండెపోటు, నాళం సమయానికి తెరిచాం, గుండె బలం బాగుంది అంటే కొన్ని వారాల్లో పంపిస్తాను. క్రేన్ నడిపేవాళ్లకి, ఎత్తు మీద పనిచేసేవాళ్లకి, కొలిమి వేడిలో ఉండేవాళ్లకి కంపెనీ డాక్టరుతో మాట్లాడకుండా సర్టిఫికెట్ ఇవ్వను. రాత్రి షిఫ్టు కొన్నాళ్లు వద్దని రాస్తాను. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 34 అధ్యయనాలని, అంటే దాదాపు 20 లక్షల మంది వివరాలని, కలిపి చూశారు. షిఫ్టుల్లో పనిచేసేవారికి గుండెపోటు ముప్పు సుమారు 23 శాతం ఎక్కువని తేలింది. సి షిఫ్టు నుంచి వచ్చి పగటిపూట ముక్కలు ముక్కలుగా నిద్రపోయే శరీరానికి బీపీ, షుగరు అదుపులో ఉండవు. దానికి తోడు తెల్లారకుండా మేలుకొని ఉండడానికి ఖైనీ.

"రోజంతా ప్లాంటులోనే తిరుగుతాను, ఇంకా వాకింగ్ ఎందుకు?" అంటారు కొందరు. తాతలు బొగ్గు మోశారు, నిజమే. మనవలు ఏసీ కంట్రోల్ రూములో తెరల ముందు కూర్చుంటున్నారు. జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్‌లో రెండంతస్తుల బస్సుల సిబ్బందిని లెక్క చూసి 1953లో అచ్చువేశాడు. కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువ. జూబ్లీ పార్కు ఉండగా ఈ ఊరివాళ్లకి నడవడానికి చోటు లేదంటే నేను ఒప్పుకోను.

ఆడవాళ్లు అసలు ప్రశ్నే అడగరు. ఒకావిడ ప్రతిసారీ భర్త ఫైలు పట్టుకుని వచ్చేది. ఆయన మాత్రల పేర్లన్నీ ఆవిడకే తెలుసు. ఒకరోజు లిఫ్టు పనిచేయక మెట్లెక్కి వచ్చి, నా గది గుమ్మం దగ్గర గోడ పట్టుకుని నిలబడింది. ఏమైందమ్మా అంటే, "నాకేటి బాబూ, వయసు. ముందు ఆయన్ని సూడండి," అంది. షుగరు పదేళ్లుగా ఉంది. నొప్పి లేదు, ఆయాసమూ నీరసమూ మాత్రమే. షుగరు ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో గుండెజబ్బు తరచూ ఇలాగే నొప్పి లేకుండా వస్తుంది. ఎకో తీస్తే ఆవిడ గుండె భర్త గుండె కంటే బలహీనంగా ఉంది. ఇప్పుడు రెండు ఫైళ్లు వస్తున్నాయి, రెండూ ఆవిడే మోస్తోంది.

ఘాట్‌శిలా వైపు పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లల విషయంలో ప్రశ్న తండ్రి అడుగుతాడు, పిల్ల నేల చూస్తూ ఉంటుంది. "పెళ్లి చేయవచ్చా?" చిన్నప్పుడు గొంతు నొప్పి, తర్వాత కీళ్ల వాపు, ఇరవై ఏళ్లకి గుండె కవాటం ఇరుకై ఆయాసం. రుమాటిక్ జ్వరం పెట్టిన చిచ్చు ఇది. జపాన్ సర్జన్ కాన్జీ ఇనౌయె 1982లో మొదలుపెట్టిన బెలూన్ పద్ధతిలో, చాలామందికి ఛాతీ కోయకుండా తొడ దగ్గరి సిర గుండా కవాటాన్ని తెరవగలం. ఛాతీ మీద మచ్చ ఉండదు. ఆ మాట వినగానే తండ్రి ముఖం వెలుగుతుంది. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి వేయించాలి అనేసరికి మళ్లీ వాడిపోతుంది. పెళ్లి చేయండి, కానీ కాపురానికి వెళ్లిన ఊళ్లో ఆ సూది ఎవరు వేస్తారో ముందు కనుక్కోండి, కడుపు పండే ముందు ఒకసారి తీసుకురండి అంటాను.

వాట్సాప్ వైద్యం గురించి రెండు మాటలే. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగదు. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్ర అందరికీ మంచిది కాదు. బీపీ పడిపోయి ఉన్న మనిషికి ఇస్తే అక్కడే కుప్పకూలుతాడు.

ఇంట్లో ఎవరికైనా ఛాతీలో, పొట్ట పైభాగంలో, దవడలో, భుజంలో బరువో మంటో వచ్చి, చెమట పట్టి, పావుగంటలో తగ్గకపోతే, షిఫ్టు దిగేదాకా ఎవరికోసమూ ఆగకండి. 108కి ఫోన్ చేయండి. అది వచ్చేలా లేకపోతే ఏ ఆటోలోనైనా ఎక్కించండి, కానీ రోగిని స్కూటరు నడపనివ్వకండి. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తస్రావం జబ్బులున్నవాళ్లు కాకపోతే 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలి మింగించండి. ఈసీజీ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి, లోపలికి వెళ్లిన పది నిమిషాల్లో అది తీయమని గట్టిగా అడగండి. వాడుతున్న మందుల చీటీ దగ్గర పెట్టుకోండి. నొప్పి ఎన్ని గంటలకి మొదలైందో దాని మీదే రాసి తీసుకురండి. మేము అడిగే మొదటి ప్రశ్న అదే.