కిలో లెక్కన పోయే విమానాలు కావు

పీఎఫ్ కాగితాల గురించీ, చీటీల గురించీ, పిల్లల చదువుల గురించీ మన పత్రికలో చాలామంది రాసినారు. నేను బొమ్మ విమానాల గురించి రాస్తున్నా. నవ్వుకోవద్దండి. ఈ బొమ్మలతోనే మా అక్క కొడుక్కి ఒక ఏడాది కాలేజీ ఫీజు కట్టినాము. లేకుంటే ఇవే బొమ్మలు తొమ్మిది వందల రూపాయలకి గుజిరీ అంగడికి పోయుండేవి.

మా బావది బాగేపల్లి. బెంగళూరులో ఒక బట్టల మిల్లులో ఫిట్టరు. వారానికొకసారి ఊరికి వచ్చిపోయే బస్సు యలహంక మీదుగానే కదా, అక్కడ వైమానిక స్థావరం రోడ్డు పక్కనే. 1996లో అక్కడ మొదటిసారి ఏరో ఇండియా పెట్టినప్పుడు బావ చూసొచ్చినాడు. అప్పట్నుంచి పిచ్చి పట్టింది. రెండేళ్ళకొకసారి ఆ ప్రదర్శన వస్తే మిల్లులో లీవు అడిగేది ఆ ఒక్కదానికే. ఓటీ డబ్బుల్లో, బోనస్‌లో కొంత తీసి, ఆదివారం సంతల్లో, పాత సామాన్ల అంగళ్ళలో యుద్ధవిమానాల డైకాస్ట్ బొమ్మలు కొనేవాడు. డైకాస్ట్ అంటే, జింకు ముఖ్యంగా ఉండే లోహాన్ని కరిగించి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపి పోత పోస్తారు. అందుకే చేతికి బరువుగా తగుల్తాయి.

నేను చింతామణి దగ్గర పట్టు తీసే మిల్లులో గూళ్ళు ఏరతాను. ఇరవై రెండేళ్ళ నుంచీ అదే పని. బావ కొత్తది ఏదైనా తెస్తే, "మే, నీది గూళ్ళ కన్ను, దీన్ని చూసి చెప్పు" అని నా చేతిలో పెట్టేవాడు. మొదట్లో వేళాకోళంగానే అడిగేవాడేమో. రాన్రాను నిజంగానే అడిగినాడు.

గూళ్ళు ఏరే అక్కచెల్లెళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు గానీ, మిగిలినవాళ్ళకి చెప్తాను. గూడు బరువుగా ఉంటే మంచిదని అనుకుంటారు. తేమ పట్టిన గూడూ బరువే. రెండు పురుగులు కలిసి అల్లుకున్న గూడూ బరువే, దాంట్లో దారం సరిగ్గా లేచిరాదు. చెవి దగ్గర ఊపి చూస్తాం. లోపల పురుగు చచ్చి కరిగిపోయుంటే గలగలమనదు. మా లెక్కలో అసలు మాట రెండిట్టా, అంటే కిలో దారానికి ఎన్ని కిలోల గూళ్ళు పడతాయని. మంచి గూళ్ళయితే ఆరు కిలోలు చాలు, నాసిరకమైతే ఎనిమిది దాటినా దాటుతుంది. తక్కెడ చెప్పేది ఒకటి, దారం చెప్పేది ఇంకొకటి.

విమానమూ అంతే. బరువుగా ఉందని ఎక్కువ ధర పెట్టేవాళ్ళని చాలామందిని చూసినాను. రెక్క వెనకంచు అసలు విమానంలో కత్తిలా పల్చగా ఉంటుంది. లోహంలో పోస్తే అంత పల్చన రావడం కష్టం, మొద్దుగా వస్తుంది. అందుకని మంచి కంపెనీలే కొన్ని భాగాలు ప్లాస్టిక్‌లో చేస్తాయి. ముక్కు చివర సూది, యాంటెన్నాలు, చక్రాల కాళ్ళు ప్లాస్టిక్ అయినంత మాత్రాన అది నాసిరకం కాదు. మొత్తం ఇనుపగుండులాగా ఉండి, రెక్కలు అప్పచ్చుల్లా ఉంటే అదీ నాసిరకం.

నేను మొదట చేసేది టేపు పెట్టి కొలవడం. సేకరించేవాళ్ళలో ఎక్కువమందికి ఇష్టమైన కొలత 1:72. ఆరడుగుల మనిషి ఒక అంగుళం అవుతాడు. మన హెచ్ఏఎల్ తేజస్ పొడవు 13.2 మీటర్లు, రెక్కల వెడల్పు 8.2 మీటర్లు. వాటిని 72తో భాగిస్తే పొడవు 18.3 సెంటీమీటర్లు, వెడల్పు 11.4 రావాల. డబ్బా మీద 1:72 అని రాసి, పొడవు సరిపోయి వెడల్పు సరిపోకపోతే, అచ్చు చేసినవాడు ఫొటో చూసి చేసినాడని అర్థం. ఈ ఒక్క భాగహారంతోనే సగం సరుకు పక్కకి పోతుంది.

తర్వాత గీతలు. విమానం ఒంటి మీద రేకులు కలిసేచోట సన్నని గీతలుంటాయి. బొమ్మ మీద ఆ గీత అర మిల్లీమీటరు వెడల్పు ఉందనుకోండి, 72తో గుణిస్తే 36 మిల్లీమీటర్లు. అసలు విమానం మీద ఒకటిన్నర అంగుళం సందు ఉంటే అది ఎగురుతుందా? గీత ఎంత సన్నగా ఉంటే అచ్చు అంత మంచిదని నా లెక్క. రెక్క ఒంటికి అతుక్కునేచోట గోరు పెట్టి చూస్తా. గోరు దిగితే మార్కులు తగ్గిస్తా.

రంగూ గుర్తులూ చూడటానికి వెలుతురు కావాల. ట్యూబులైటు కింద కాదు, పొద్దున కిటికీ దగ్గర. మంచి బొమ్మల మీద గుర్తులు అచ్చు వేసుంటాయి, స్టిక్కర్లుండవు. స్టిక్కరయితే అంచు లేస్తుంది, పసుపు తిరుగుతుంది. మన వాయుసేన గుండ్రటి గుర్తులో నడిమధ్య ఆకుపచ్చ, చుట్టూ తెలుపు, బయట కాషాయం. దీన్ని తిరగేసి వేసిన బొమ్మలూ సంతల్లో దొరుకుతాయి. ఇంకొక పరీక్ష బావ చెప్పినాడు. సూర్యకిరణ్ జట్టు ముందు కిరణ్ విమానాలు నడిపేది, ఇప్పుడు హాక్ నడుపుతుంది. కిరణ్‌లో ఇద్దరు పైలట్లు పక్కపక్కన కూచుంటారు, హాక్‌లో ఒకరి వెనక ఒకరు. అంగడివాడు పాత సూర్యకిరణ్ అని చెప్పి ఇస్తే సీట్లు చూడాల, ఎరుపు తెలుపు రంగులు చూసి మురిసిపోకూడదు.

బావ పోయి రెండేళ్ళయింది. మిల్లు నుంచి రావాల్సిన డబ్బు ఆలస్యమవుతా ఉంది. కొడుకు చిక్కబళ్ళాపురంలో చదువుకుంటున్నాడు. అక్క ట్రంకు పెట్టెలు రెండు బయటికి లాగితే ముప్ఫై ఒక్క విమానాలు. గుజిరీ అతను వచ్చి తక్కెడ పెట్టి, తొమ్మిది కిలోలు, కిలో నూరు అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయనకి అది జింకే. అక్క నాకు ఫోన్ చేసింది.

గూళ్ళు ఏరినట్టే చాప మీద మూడు కుప్పలు పోసినా. కొలతకి రాని ఆట బొమ్మలు తొమ్మిది, వీధి పిల్లలకి ఇచ్చేసినాము. కొలతకి వచ్చి డబ్బా లేనివి పన్నెండు. మిగతా పదీ డబ్బాతో ఉన్నవి. వీటిలో బ్రిటన్ కార్గీవి కొన్ని, హాబీ మాస్టర్ వాళ్ళు మన వాయుసేన రంగుల్లో చేసిన సుఖోయ్-30 ఒకటి. డబ్బాకి ఇంత విలువ ఎందుకని అక్క అడిగింది. డబ్బా ఉంటే లోపల క్షిపణుల పొట్లం, స్టాండు, మార్చి పెట్టుకునే చక్రాలు పోకుండా ఉంటాయి. ఎన్ని చేసినారో, ఇది ఎన్నోదో చెప్పే చీటీ కూడా కొన్నిట్లో ఉంటుంది. మనం పట్టుచీరకి బిల్లు దాచినట్టు.

ధర సంగతి. ఇంతకి అమ్ముతామని ఎవరో పెట్టుకున్న అంకె ధర కాదు. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్లో రైతు మనసులో ఎంతైనా ఉండొచ్చు, పాట ఎక్కడ ఆగిందో అదే ధర. అందుకని మా అక్క కొడుకు చేత, ఇంతకుముందు అమ్ముడుపోయినవి ఎంతకి పోయినాయో వారం రోజులు రాయించినా. అడిగిన ధరలో సగానికే పోయినవి చాలా కనిపించినాయి. అదే విమానం కంపెనీ మళ్ళీ కొత్తగా చేస్తే పాతదాని ధర పడిపోతుందనీ తెలిసింది. ఇంకో సంగతి, 1963 నుంచి మన దగ్గరున్న మిగ్-21 పోయిన 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. ఆ వారం మా వాడికి మిగ్ కోసమే నాలుగు ఫోన్లు. నిలబెట్టి అమ్మమన్నా.

వీటన్నిట్లో నన్ను ఆలోచనలో పెట్టింది చిన్న డింకీ విమానం ఒకటి. రెక్క కింద ఇంగ్లాండులో చేసినట్టు రాసుంది, రెండో ప్రపంచయుద్ధానికి ముందు కాలంది. బెంగళూరు నుంచి వచ్చిన కొనుగోలుదారు ఫొటో చూసి అయిదు వేలు ఇస్తానన్నాడు. నేను కిటికీ దగ్గర పెట్టి చూస్తే రెక్క మొదట్లో వెంట్రుకంత చీలికలు, రంగు కొద్దిగా ఉబ్బింది. ఆ కాలంలో జింకులో సీసం కలిసిపోతే, ఏళ్ళు గడిచేకొద్దీ లోహం లోపల్నుంచే పగిలి పొడి అవుతుంది. దానికి మందు లేదు. పొడిగా, చల్లగా పెడితే కొంచెం మెల్లగా జరుగుతుంది, అంతే.

అక్క నెమ్మదిగా అడిగింది, "కొంచెం రంగు పూస్తే కనపడదు కదమ్మా?" ఫీజు గడువు ఇంకా ఆరు రోజులు. ఆమెని ఏమనను? "అక్కా, రంగు పూస్తే పాతదనం పోతుంది, ఉన్న విలువా పోతుంది. ఆయన మిగతా తొమ్మిదీ కూడా చూడాల కదా, ఒక్కటి దొంగదని తెలిస్తే అన్నీ దొంగవే" అని చెప్పినా. చిక్కబళ్ళాపురం బస్టాండు పక్కన హోటల్లో ఆయన్ని కలిసి, టేబుల్ మీద మొదట ఆ డింకీనే పెట్టి చీలికలు చూపించినా. ఆయన కాసేపు చూసి ఆరు వందలు అన్నాడు. తర్వాత మిగిలిన డబ్బాలు తెరిచినాడు. ఒక్కోదాన్నీ కొలిచి, చక్రాలు లెక్కపెట్టి, ఎక్కడా బేరం గట్టిగా చేయలేదు. మొత్తం ముప్ఫై ఎనిమిది వేలకి తేలింది. ఫీజు కట్టినాక కొంత మిగిలింది కూడా.

డబ్బా లేని పన్నెండు బాగేపల్లిలోనే ఉన్నాయి. వాటిలో చక్రం ఒకటి విరిగిన మిగ్ ఉంది, మా వాడు అమ్మనంటున్నాడు. వానాకాలంలో అక్క వాటిని చీర ముక్కల్లో చుట్టి పెడుతుంది. నైలాన్ చీరలొద్దు, నూలువి వాడు అని చెప్పినా.